బద్రీనాథ్ దాటాక మానా: ఒక పూట కేటాయించండి

సెప్టెంబరు చివర్లో అమ్మగారితో, పదో తరగతి చదివే అబ్బాయితో బద్రీనాథ్ వెళ్తున్నామని రాశారు. టూరు వాళ్లు మానా గ్రామానికి గంట సమయం ఇచ్చారని, ఆ గంటలో గుహలు, భీముడి వంతెన చూసి వస్తే సరిపోతుందా అని, పురాణ కథలు కాకుండా ఆ ఊరికి వేరే చరిత్ర ఏమైనా ఉందా అని అడిగారు. చాలా ఏళ్లుగా తెలుగు యాత్రికుల బృందాలతో ఆ దారిలో తిరుగుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

గంట సరిపోదు. బద్రీనాథ్‌లో రెండు రాత్రులు ఉండేలా చూసుకుని, రెండో రోజు ఉదయం పూట మానాకు ఇవ్వండి. ఇక చరిత్ర విషయానికి వస్తే, అది ఆ ఊళ్లో కావలసినంత ఉంది. కాకపోతే అది గుహల్లో కన్నా ఇళ్ల ముందు, మగ్గాల దగ్గర, ఉత్తరాన కనిపించే లోయలో ఎక్కువగా ఉంది. మనవాళ్లు దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోతారు. నాకు బాధ కలిగించేది అదే.

మానా ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, బద్రీనాథ్‌కు 3 కిలోమీటర్ల దూరంలో, సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉంది. అలకనందలో సరస్వతి కలిసే చోటుకు కాస్త పైన, కొండ వాలు మీద అంచెలంచెలుగా కట్టుకున్న రాతి ఇళ్లు. పైకప్పులకు పలకరాయి, ముందు చెక్క వసారాలు. ఇళ్ల చుట్టూ రాళ్లు పేర్చిన అడ్డుగోడల మధ్య చిన్న చిన్న మడులు, వాటిలో బంగాళాదుంప, క్యాబేజీ, బక్‌వీట్ అనే పొట్టి ధాన్యం పండిస్తారు. ఊరు దాటాక ఉత్తరంగా సరస్వతి లోయ పట్టుకుని పోతే 5,600 మీటర్లకు పైన మానా కనుమ వస్తుంది. కనుమ అవతల టిబెట్. ఊరి కథంతా ఆ కనుమతోనే ముడిపడి ఉంది.

అక్కడి వారు భోటియా తెగలో మార్ఛా శాఖకు చెందినవారు. 1967లో వీరికి షెడ్యూల్డ్ తెగల గుర్తింపు వచ్చింది. అంత చలిలో, ఏడాదిలో ఆరు నెలలు మంచు కప్పేసే నేలలో మనుషులు ఎందుకు స్థిరపడ్డారు అని మీ అబ్బాయి తప్పకుండా అడుగుతాడు. వ్యవసాయం కోసం కాదు, వ్యాపారం కోసం. టిబెట్ ఉప్పు సరస్సుల నుంచి ఉప్పు, వెలిగారం, ఎత్తైన మైదానాల నుంచి ఉన్ని ఈ కనుమ మీదుగా కిందికి వచ్చేవి. కింది నుంచి బియ్యం, యవలు, బెల్లం, నూలు బట్టలు పైకి వెళ్లేవి. సముద్రపు ఉప్పు అంత ఎత్తుకు చేరాలంటే రవాణా ఖర్చే తడిసి మోపెడయ్యే రోజుల్లో, గఢ్వాల్ కొండ ఊళ్లకు టిబెట్ ఉప్పే ఆధారం.

సరుకు మోసినవి ఎక్కువగా గొర్రెలు, మేకలు. ఒక్కో జీవం వీపున రెండు వైపులా చిన్న సంచులు కట్టి, మందలు మందలుగా తోలుకుపోయేవారు. గొర్రె మోసేది 10 కిలోలకు అటూ ఇటూ మాత్రమే అయినా, ఇరుకు బాటలో గుర్రం జంకే చోట అది నడుస్తుంది, దారిలో దొరికిన గడ్డి తింటుంది, కిందికి చేరాక ఒంటి మీది ఉన్ని కూడా అమ్ముడుపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. కనుమ వేసవిలో కొన్ని నెలలు మాత్రమే తెరిచి ఉంటుంది. ఆ కొద్ది కాలంలో వెళ్లి, బేరాలు ముగించుకుని, మంచు కురవకముందే తిరిగి రావాలి. వాతావరణాన్ని చదవడం ఇక్కడివారికి ప్రాణంతో సమానమైన విద్య.

ఈ దారి ఎంత పాతదో చెప్పడానికి ఒక సంగతి చాలు. 1624లో ఆంటోనియో డి ఆండ్రాడే అనే పోర్చుగీసు జెస్యూట్ మతగురువు ఆగ్రా నుంచి బయలుదేరి, హిందూ యాత్రికుడి వేషంలో బద్రీనాథ్ వెళ్లే జనంతో కలిసి నడిచి, మానా మీదుగా కనుమ దాటి, పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్య రాజధాని త్సాపరంగ్ చేరాడు. మంచు మీద పడే ఎండకు ఆయన కళ్లు దెబ్బతిన్నాయి. హిమాలయాలు దాటి టిబెట్‌లో అడుగుపెట్టిన తొలి యూరోపియన్లలో ఆయన్ను లెక్కిస్తారు. అయితే ఆయన కొత్త దారి ఏదీ కనిపెట్టలేదు. మానా వాళ్లు ఏటా వెళ్లి వచ్చే బాటలోనే నడిచాడు. మన పాఠ్యపుస్తకాలు ఇలాంటి చోట ప్రయాణికుడి పేరు రాసి, దారి తెలిసినవాళ్లను వదిలేస్తాయి.

స్వాతంత్ర్యం తర్వాత కూడా రాకపోకలు సాగాయి. 1954 ఏప్రిల్ 29న భారత్, చైనాలు చేసుకున్న ఒప్పందంలో వ్యాపారులు, యాత్రికులు వాడుకోదగిన ఆరు కనుమల పేర్లు ఉన్నాయి, వాటిలో మానా ఒకటి. 1962లో ఆ ఒప్పందం గడువు తీరింది, అదే ఏడాది యుద్ధం వచ్చింది, కనుమ మూతపడింది. తరతరాల బతుకుదెరువు ఒక్క ఏడాదిలో పోయింది. అప్పటి నుంచి ఊరు ఉన్ని నేత మీద, ఉద్యోగాల మీద, బంగాళాదుంపల మీద, మీలాంటి నాలాంటి యాత్రికుల మీద ఆధారపడి నిలబడింది. సరిహద్దు మూసేశారన్న వార్త మనకు పత్రికలో ఒక వాక్యం. మానాలో ప్రతి ఇంటికీ అది బతుకు మార్చేసిన సంగతి. ఇది తెలిసి వెళ్తే ఆ ఊరు మీకు వేరుగా కనిపిస్తుంది.

ఊళ్లోకి వెళ్లేటప్పుడు 'భారతదేశపు తొలి గ్రామం' అన్న బోర్డు కనబడుతుంది. ఇదివరకు 'చివరి గ్రామం' అని ఉండేది. 2022 అక్టోబరులో ప్రధానమంత్రి మానా వచ్చినప్పుడు సరిహద్దు గ్రామాలను మొదటి గ్రామాలుగా చూడాలన్నారు, 2023లో బోర్డు మారింది. అందరూ దాని దగ్గర ఫొటో దిగుతారు, మీరూ దిగండి. ఆ గుంపులోనే మీ సమయమంతా పోకుండా చూసుకోండి.

ఇక నడక. వాహనాలు ఊరి మొదట్లోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి రాతి మెట్లు, సన్నని సందులు. ముందు గణేశ గుహ వస్తుంది, ఇంకొంచెం పైన వ్యాస గుహ. వింటే భారతం వినాలి, తింటే గారెలు తినాలి అంటూ పెరిగిన మనకు ఈ రెండు గుహల మధ్య దూరం నడుస్తుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. వ్యాసుడు ఇక్కడే భారతం చెప్పాడని, ఆపకుండా చెబితేనే రాస్తానని వినాయకుడు, అర్థం చేసుకున్నాకే రాయాలని వ్యాసుడు షరతులు పెట్టుకున్నారని చెప్పుకుంటారు. వ్యాస గుహ పైనున్న బండను బయట నుంచి చూడండి. పొరలు పొరలుగా, తాళపత్రాల కట్టలా ఉంటుంది. దాన్నే వ్యాసుడి గ్రంథంగా పూజిస్తారు.

ఇదంతా ఎంతవరకు నిజం అని సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. వినాయకుడు రాతగాడిగా వచ్చే కథ భారతం పాత ప్రతులన్నిటిలో లేదు. పూణెలోని భండార్కర్ సంస్థ పండితులు వందల రాతప్రతులు పోల్చి తయారుచేసిన పరిష్కృత ప్రతిలో ఆ కథను మూలంలో ఉంచలేదు, అనుబంధంలో చేర్చారు. వ్యాసుడు కూర్చున్న చోటుగా మనకు బాసర కూడా ఉంది, అక్కడ ఆయన గోదావరి ఇసుకతో సరస్వతిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఈ చోట్లలో ఏది అసలుదని తేల్చే పని నాకు అనవసరంగా తోస్తుంది. భారతాన్ని తమదిగా భావించిన ప్రతి ప్రాంతమూ వ్యాసుడికి తన నేల మీద ఒక పీట వేసింది. రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ చేసిందీ దాదాపు అదే. గుహలో దండం పెట్టుకోవడానికి పురావస్తు శాఖ ధ్రువపత్రం అక్కర్లేదు. చారిత్రక ఆధారం అని మాత్రం పిల్లవాడికి చెప్పకండి, నమ్మకం అని చెప్పండి. పదో తరగతి పిల్లవాడికి ఆ తేడా బాగానే అర్థమవుతుంది.

వ్యాస గుహ నుంచి దిగి ముందుకు వెళ్తే నది హోరు ముందు వినిపిస్తుంది, తర్వాత భీమ్ పుల్ కనిపిస్తుంది. ఇరుకైన చీలికలోంచి సరస్వతి తెల్లగా విరుచుకుపడుతుంటే దానిపై అడ్డంగా ఒకే ఒక పెద్ద బండ. మహాప్రస్థానానికి వెళ్తూ ద్రౌపది నది దాటలేకపోతే భీముడు ఆ బండను అడ్డంగా వేశాడని కథ. ఉదయం ఎండ పడినప్పుడు తుంపరలో ఇంద్రధనుస్సు నిలుస్తుంది. బండ మీద, కట్టడపు అంచుల్లో రాళ్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి. సెల్ఫీ కోసం కంచె దాటవద్దని అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. ఆ నీళ్లలో పడినవాళ్లు బయటకు రారు.

అక్కడే చిన్న సరస్వతి గుడి ఉంది. నది హోరు వల్ల భారత రచనకు అడ్డు వస్తోందని శాపం ఇచ్చారని, అందుకే సరస్వతి ఇక్కడి నుంచి అదృశ్యమై, ప్రయాగలో అంతర్వాహినిగా తేలుతుందని గైడ్లు చెబుతారు. నేను మా బృందాలకు ఇంకో మాట కూడా చెబుతాను. వంతెన దగ్గర నుంచి కిందికి చూస్తూ నడిస్తే ఆ నది ఎక్కడికీ మాయం కాలేదని మీ కళ్లకే తెలుస్తుంది. కాస్త దిగువన కేశవ ప్రయాగ దగ్గర అలకనందలో కలుస్తుంది. అలకనంద దేవప్రయాగలో భాగీరథితో కలిసి గంగ అవుతుంది, గంగ ప్రయాగరాజ్ వెళ్తుంది. అంటే ఈ సరస్వతి నీరు నిజంగానే త్రివేణికి చేరుతోంది, అందరి కళ్ల ముందే. వేదాల్లోని సరస్వతి ఇదేనా అంటే, భూగర్భ శాస్త్రజ్ఞుల చర్చ ఎక్కువగా పంజాబ్, హర్యానా, రాజస్థాన్ వైపున్న ఘగ్గర్-హాక్రా పాయ చుట్టూ తిరుగుతుంది. ఇది వేరే నది.

మీకు నచ్చే విషయం ఇంకొకటి ఉంది. 2025 మే నెలలో బృహస్పతి మిథున రాశిలో ప్రవేశించినప్పుడు మన కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగాయి కదా. సరిగ్గా అవే రోజుల్లో మానా దగ్గర కేశవ ప్రయాగలోనూ పుష్కర స్నానాలు జరిగాయి, దక్షిణాది నుంచి వైష్ణవ భక్తులు చాలామంది వెళ్లారు. పన్నెండేళ్లకోసారి గోదావరి ఒడ్డున ఒక ఊరు, మంచుకొండల కింద ఒక ఊరు ఒకే నది పేరు తలచుకుని స్నానం చేస్తాయి.

నా దృష్టిలో మానాలో చూడవలసిన అసలు విషయం ఉన్ని పని. వసారాల్లో, గుమ్మాల ముందు ఆడవాళ్లు కూర్చుని కదురు తిప్పుతూ, అల్లుతూ కనిపిస్తారు. ఊళ్లో మగవాళ్లు వ్యాపారానికి టిబెట్ వెళ్తే వచ్చిన ఉన్నిని బట్టగా మార్చింది వీళ్లే. 'దన్' అనే ముళ్లు వేసి నేసిన చిన్న తివాచీలు, 'పంఖీ' అనే పలుచని శాలువలు, మందపాటి 'థుల్మా' దుప్పట్లు వీరి ప్రత్యేకత. వాటిలో ఒక కంబళికి మాత్రం ఎవరూ వెల కట్టలేరు. నవంబరులో బద్రీనాథ్ గుడి మూసే రోజున, మానా ఆడపిల్లలు, మహిళలు నేసిన ఉన్ని కంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుతారు. చలికాలమంతా స్వామి ఆ కంబళిలోనే ఉంటారు. వసంతంలో తలుపులు తెరిచినప్పుడు మొదట చూసేది ఆ నెయ్యి ఎండిందా, అలాగే ఉందా అన్నదే. ఎండకుండా ఉంటే ఏడాది చల్లగా గడుస్తుందని నమ్మకం. ఆ కంబళిని ప్రసాదంగా పంచుతారు. ప్రధాన అర్చకుడు రావల్ కేరళ నంబూద్రి, స్వామికి దుప్పటి ఇచ్చేది సరిహద్దు గిరిజన ఆడపడుచులు. బద్రీనాథ్ గుడి గురించి ఇంతకన్నా గొప్ప విషయం నాకు తెలియదు.

గుడితో ఊరికి ఇంకో రెండు బంధాలు ఉన్నాయి. మానా గ్రామదేవత ఘంటాకర్ణుడు, బద్రీ క్షేత్రానికి కాపలా దేవుడు ఆయనే. విష్ణువు పేరు చెవిన పడకూడదని చెవులకు గంటలు కట్టుకున్న శివభక్తుడు చివరికి విష్ణు క్షేత్రానికే కాపలాదారు అయ్యాడన్న కథ మన పెద్దలు కూడా చెబుతారు, అమ్మగారిని అడిగి చూడండి. రెండోది, ఊరికి ఎదురుగా అలకనంద అవతలి ఒడ్డున ఉన్న మాతా మూర్తి గుడి. ఆమె నరనారాయణుల తల్లి. భాద్రపద శుద్ధ ద్వాదశి, అంటే వామన ద్వాదశి నాడు బద్రీనాథ్ నుంచి స్వామి ప్రతినిధిగా ఉద్ధవుడి ఉత్సవమూర్తి ఊరేగింపుగా అక్కడికి వస్తుంది. కొడుకు తల్లిని చూడటానికి వచ్చినట్టు ఊరంతా పండుగ చేస్తుంది. మీ ప్రయాణం తేదీలు ఖరారు కాకపోతే పంచాంగం చూసి ఆ రోజు కలిసేలా చేసుకోండి. ఆ రోజు బద్రీనాథ్‌లో దర్శనం వేళలు మారతాయి, అది గుర్తుంచుకోండి.

ఉన్ని వస్తువులు కొనాలనుకుంటే ఊళ్లో అల్లేవారి దగ్గరే, వాళ్లు అల్లుతుండగా చూసి కొనండి. యంత్రం మీద తయారైన సింథటిక్ సరుకు కూడా బల్లల మీద కలిసిపోయి ఉంటుంది. ఒక్క పోగు అడిగి తీసుకుని కాల్చి చూస్తే తేలిపోతుంది: ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి పొడి అవుతుంది, సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చేత్తో చేసినదానికి గీచి గీచి బేరం చేయకండి. తిండి సరుకుల్లో రాజ్మా, ఫరణ్ అనే ఎండు ఆకు కొనదగినవి. ఫరణ్ ఉల్లి జాతిది, అక్కడ పప్పు తాలింపులో వేస్తారు, మన కందిపప్పుకూ బాగా నప్పుతుంది. ఇళ్లను, మనుషులను ఫొటో తీసే ముందు అడగండి. ఎవరి వసారాలోనో మనం తొంగి చూస్తున్నామని గుర్తు పెట్టుకుంటే చాలు.

భీమ్ పుల్ దాటి నడిచే ఓపిక ఉన్నవారికి వసుధార జలపాతం ఉంది. మానా నుంచి ఒకవైపే 5, 6 కిలోమీటర్లు, పడే ఎత్తు సుమారు 400 అడుగులు. గాలికి నీరు తుంపరై చెదిరిపోతుంది. పాపులపై ఆ తుంపర పడదని అంటారు కాబట్టి అందరూ కిందికి వెళ్లి నిలబడతారు. అబ్బాయికి, మీకు ఇది బాగుంటుంది, అమ్మగారికి వద్దు. ఉదయం 7కే మొదలుపెట్టండి, మధ్యాహ్నానికి వెనక్కి తిరగండి. ఆ తర్వాత మబ్బులు కమ్ముకుంటాయి. దారిలో దుకాణాలపై ఆశ పెట్టుకోకుండా నీళ్లు, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లండి. ఆ పైన ఉన్న సతోపంథ్ సరస్సు కొన్ని రోజుల ట్రెక్కింగ్, అనుమతి, గైడు లేకుండా ఆలోచించకండి. కనుమ వైపు రోడ్డు కూడా సైన్యం అనుమతి ఉంటేనే.

అమ్మగారి గురించి. వ్యాస గుహ వరకు మెట్లు పెద్ద ఎక్కువేమీ కావు, కానీ అంత ఎత్తులో పది మెట్లకే ఆయాసం వస్తుంది. ఋషీకేశ్ నుంచి బద్రీనాథ్ సుమారు 300 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఒక్క రోజులో లాగించే ప్యాకేజీలు ఉన్నాయి, వాటికి ఒప్పుకోకండి. దారిలో పీపల్‌కోటిలోనో జోషిమఠ్‌లోనో ఒక రాత్రి ఆగితే ఎత్తు ఎక్కడం కాస్త నెమ్మదిస్తుంది, అలసటా తగ్గుతుంది. జోషిమఠ్‌లో 2023 జనవరిలో నేల కుంగి ఇళ్లు బీటలు వారాయి కాబట్టి నేను ఈ మధ్య పీపల్‌కోటినే ఎంచుకుంటున్నాను. బీపీ, గుండె, ఉబ్బసం మందులు వాడుతుంటే బయలుదేరే ముందే మీ డాక్టరును కలవండి. తలనొప్పి తగ్గకపోయినా, వాంతులయినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా దర్శనం సంగతి పక్కన పెట్టి వెంటనే కిందికి దించేయండి. ఊరి మొదట్లో సీజనులో వీపు బుట్టలో మోసే కూలీలు దొరుకుతారు, ధర ముందే మాట్లాడుకోండి.

సెప్టెంబరు చివరి వారం మంచి ఎంపిక. జులై, ఆగస్టుల్లో కొండచరియలు పడి రోడ్డు గంటల తరబడి మూతపడుతుంది. మే, జూన్‌లో జనం వల్ల మానా సందుల్లో నిలబడటమే కష్టం. మీరు వెళ్లేటప్పటికి వర్షాలు తగ్గి, నీలకంఠ శిఖరం తెల్లవారుజామున స్పష్టంగా కనిపిస్తుంది. అయినా తిరుగు ప్రయాణానికి, విమానానికి మధ్య ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. చార్‌ధామ్ రిజిస్ట్రేషను ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేసుకుని ప్రింటు తీసుకెళ్లండి.

నవంబరు తర్వాత వెళ్లవచ్చా అని కూడా ఒక మాట అడిగారు. వెళ్లకూడదు. గుడి మూసే రోజులకు మానా వాళ్లే ఇళ్లకు తాళాలు వేసి, పశువులతో, పిల్లల పుస్తకాలతో గోపేశ్వర్ చుట్టుపక్కల ఊళ్లకు దిగిపోతారు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో పైకి వస్తారు. చలికాలంలో అక్కడ ఉండేది సైనికులు, సరిహద్దు పోలీసులు, రోడ్డు కార్మికులు. 2025 ఫిబ్రవరి 28న మానా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరంపై మంచు చరియ విరిగిపడి 8 మంది కార్మికులు చనిపోయారు. మీరు కారులో హాయిగా మానా వరకు వెళ్లే రోడ్డును ఏటా మంచు తవ్వి తెరిచేది అలాంటి కార్మికులే. దారిలో పనిచేస్తూ కనిపిస్తే బండి నెమ్మది చేయించండి.